వాతం గింజలు

“ఇప్పుడే ఒలవకండమ్మా, కాయలతోనే ఉడకనీయండి,” అంటూ చంద్రకళ చేతిలోని సోయా చిక్కుడుకాయను తీసి మళ్లీ గిన్నెలో వేసింది అరుణకుమారి.

అరుణకుమారి ఆ ఊరికి కొత్తగా వచ్చిన గ్రామసేవిక. కోదాడ పిల్ల. మిర్యాలగూడ చుట్టుపక్కల కాలువ కింది ఊళ్లలో, బడి ఆవరణల్లో సోయా సాగు చేయించి, కాయ పచ్చిగా ఉండగానే కోసి, ఆడవాళ్లకు వండి చూపించడం ఆమె ఉద్యోగం. నిన్న మహిళా మండలిలో చూపిస్తే తక్కినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. సాగర్ నీళ్లొచ్చి ఇంటింటా వడ్లు పండుతుంటే, పచ్చి కూరగాయల్లో గింజలు కలుపుకుని తినే ఖర్మ ఏం పట్టిందని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. చంద్రకళ ఒక్కతే ఆగి, “మా ఇంటికొచ్చి ఇంకోసారి చెప్తరా? ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నది,” అని అడిగింది.

ఆ పిల్ల కృష్ణకుమారి. ఆరో నెల. వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది, మట్టిగాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

“మొదటి కాన్పే కదా, పుట్టింటికి పంపలేదా?” అడిగింది అరుణకుమారి.

“తల్లి లేదు పాపం. అందుకే గీడనే ఉంచుకున్న. పురుడు నేనే పోస్త.”

“అక్క ఉంటే అమ్మ ఉన్నట్టే లెండి.”

చంద్రకళ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. నీళ్లు మసులుతున్నాయి. ఉప్పు వేసి కాయలు వేసింది.

లోపలి గదిలోంచి చంద్రకళ అత్త కమలమ్మ గొంతు వినిపించింది. “గా గింజలు వాతం చేస్తయే. కడుపుతోని ఉన్నామె పిట్ట తిన్నట్టు తినాలె. బిడ్డ లావైతే రేపు కాన్పెట్లయితది? జర సూసి పెట్టు.”

పదమూడేళ్ల కాపురంలో చంద్రకళ అత్తకు ఎదురు చెప్పింది లేదు. ఊళ్లో అందరూ ఆమెను నోట్లో నాలుక లేని మనిషి అంటారు.

“మీ మాట మూడుసార్లు విన్న అత్తమ్మా. ఈసారి వినను,” అంది.

పావుగంటకు కాయలు ఉడికాయి. నీళ్లు వంపేసి, వేళ్లతో నొక్కితే పచ్చటి గింజలు పుటుక్కున పళ్లెంలో పడుతున్నాయి.

“మూడుసార్లు అంటే?” మెల్లిగా అడిగింది అరుణకుమారి.

“ముగ్గురు పోయిన్రమ్మా. ఒకటి ఏడో నెలల పోయింది. ఇద్దరు పుట్టి పోయిన్రు. దోసిట్ల పట్టేంత ఉండె. ఒకడైతే వారం దినాలు బతికిండు. నా కడుపుల దోషమున్నదన్నరు.”

“ఎవరన్నారు? డాక్టరా?”

“దవాఖాన ఎక్కడిది? ఊరంత అన్నది.”

“కడుపుతో ఉన్నప్పుడు ఏం తినేవారు?”

“పొద్దున ఇంత జొన్న గట్క, పొద్దుగూకినంక ఇంత మజ్జిగన్నం. పప్పు వద్దన్నరు, చిక్కుడు వద్దన్నరు, గుడ్డు వద్దన్నరు. ఆకలైతే మంచినీళ్లు తాగి పండుకునేది.”

గింజలు తీస్తున్న అరుణకుమారి చేతులు ఆగాయి. “మీ కడుపులో ఏ దోషం ఉండి ఉండదమ్మా. తిండి చాలలేదు, అంతే. మీకు బలం లేక పిల్లలకూ బలం రాలేదు,” అంది.

చంద్రకళ ఉల్లిగడ్డ ఇంకా కోయనేలేదు, కళ్లు ముందే తడిశాయి. ఇన్నేళ్లు దేవుణ్ని తిట్టింది, జాతకాన్ని తిట్టింది, అందరికంటే ఎక్కువగా తనను తాను తిట్టుకుంది. పెరట్లో పాదు నిండా కాసిన చిక్కుళ్లను మాత్రం పనివాళ్లకు పంచిపెట్టింది.

కొంగుతో కళ్లు తుడుచుకుంది. దోసకాయ, టమాట, క్యారెట్ సన్నగా తరిగింది. గింజల్లో కలిపి, ఉల్లిగడ్డ, కొత్తిమీర వేసి, మిరియాల పొడి చల్లి, నిమ్మకాయ పిండింది. గిన్నె తీసుకెళ్లి కృష్ణకుమారి చేతికిచ్చింది.

“గొడ్లకు కుడితి పెట్టినట్టున్నది అక్కా,” అని మొహం చిట్లించింది ఆ పిల్ల. రెండు ముద్దలు నమిలాక మాట్లాడడం మానేసింది. కాసేపటికి ఖాళీ గిన్నె చాపి, “ఇంకింత ఉన్నదా?” అంది.

“ఉన్నది. నీకు రోజూ ఉంటది,” అంది చంద్రకళ. ఈ బిడ్డ బతుకుతుందని ఆమెకు మొదటిసారి నమ్మకం కలిగింది.

అరుణకుమారి సంచి సర్దుకుంటూ, “మీకు వయసెంత?” అని అడిగింది.

“ముప్పై నిండలేదు.”

“మరింకేం? మీరూ ఇదే తినండి. ఓ నాలుగు నెలలు తిని, మీవారిని వెంటబెట్టుకుని మిర్యాలగూడ దవాఖానకు రండి. లేడీ డాక్టరుకు నేను చెప్తాను. ఏడాది తిరిగేసరికి మీ ఒళ్లోనూ ఒకరు ఉంటారు.”

“ఇగ నాకెందుకు లెండి,” అని నవ్వింది చంద్రకళ.

“అదేం మాట? ముసలమ్మలా మాట్లాడతారేం?”

“ఆలస్యమైందమ్మా. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?”

ఎంత నచ్చచెప్పినా ఆమె ఒప్పుకోలేదు. ఈమెకు భయం పోలేదు కాబోలు అనుకుని, మళ్లీ వారం వస్తానని చెప్పి అరుణకుమారి గొడుగు తీసుకుని బయలుదేరింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చంద్రకళ గడపలోనే నిలబడింది. ఈ గ్రామసేవిక ఒక్క మూడేళ్లు ముందు ఈ ఊరికి వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది. వెనక వసారాలో కృష్ణకుమారి గిన్నె అడుగున మిగిలిన గింజలను ఏరుకుని తింటోంది.

రెండేళ్ల కిందట ఆ పిల్లను వెతికి తెచ్చి తన మొగుడికి కట్టబెట్టింది చంద్రకళే.