ఎవరి దీపం వాళ్లకే

"ఇంతకంటే సన్నంది లేదా బాబాయ్?"

ఎలక్ట్రికల్ షాపు బాబాయ్ షట్టరు ఇంకా సగమే ఎత్తాడు. ఆ సగంలోంచే దూరి వచ్చాడు బొమ్మల మేస్త్రి. పేరుకి మేస్త్రి గానీ, ఆయన జన్మలో ఇటుక మీద ఇటుక పెట్టలేదు. బిల్డర్లు కట్టబోయే భవనాలకి అట్టతో, ప్లాస్టిక్‌తో చిన్న చిన్న నమూనాలు చేస్తాడు. కిటికీల వెనక గోరంత దీపాలు పెడతాడు.

బాబాయ్ ప్లాస్టిక్ తొడుగు వైరు చూపించాడు. లావన్నాడు మేస్త్రి. ఇయర్‌ఫోన్లలో ఉండే మెత్తటి వైరు చూపించాడు. అదీ లావే అన్నాడు.

"పదిహేడు ఇళ్లకి పదిహేడు తీగలు. అన్నీ లిఫ్టు గొట్టంలోంచే పైకి పోవాలి. ఆ గొట్టం నా చిటికెన వేలంత కూడా లేదు."

"ఎప్పుడూ అన్నిటికీ కలిపి ఒకటే లైను లాగుతావుగా?"

"ఈసారి కుదరదు. ఎవరి దీపం వాళ్లకే, ఎవరి స్విచ్చు వాళ్లకే. ఒకటి ఆర్పితే పక్కది ఆరకూడదు. అంతస్తులు విడివిడిగా ఊడదీసినా ఆరకూడదు."

"కొత్త అల్లుడికి కూడా ఇన్ని షరతులుండవయ్యా!" నవ్వాడు బాబాయ్. మేస్త్రి నవ్వలేదు.

చివరికి మోటార్లకి చుట్టే రాగి తీగ బయటికొచ్చింది. వెంట్రుక కంటే కాస్త లావు. పైన వార్నిష్ పూత తప్ప తొడుగేమీ లేదు.

"సన్నం అంటే ఇదే. కాకపోతే నాలుగుసార్లు వంచితే తెగుతుంది. ఎన్నాళ్లుండాలి నీ బొమ్మ?"

"ఇవాళ ఒక్కరోజు."

"ఒక్కరోజు సంబడానికి ఇంత హడావుడా?"

బయట జీపు హారన్ మోగింది. మేస్త్రి తీగ చుట్ట పట్టుకుని షట్టరు కింద నుంచి వంగి వెళ్లిపోయాడు.

వర్క్‌షాపులో బల్ల మీద ఐదంతస్తుల నమూనా ఉంది. నాలుగేళ్ల కిందట ఆయన చేసిందే. దీన్ని చూపించే బిల్డరు ఫ్లాట్లన్నీ అమ్మాడు. దీన్ని చూసుకునే మేస్త్రి కూడా మురిసిపోయి మూడో అంతస్తులో ఒకటి తీసుకున్నాడు. తను వేసిన ఎరకి తనే చిక్కాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంటుంది.

పని చెప్పిన ఆఫీసరు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో ఫ్లాట్ల లిస్టు. బూట్ల నిండా, జుట్టు నిండా తెల్లటి దుమ్ము. ఐదు నిమిషాలకోసారి ఆయన ఫోను మోగుతోంది. "ఇంకో అరగంట" అంటున్నాడు.

"మనుషులున్న ఇళ్లకే దీపం మేస్త్రిగారూ. ఖాళీ ఇళ్లకి వద్దు."

మేస్త్రి తలూపాడు. అంతస్తు ఎత్తినా తెగకుండా తీగని పెన్ను రీఫిల్‌కి చుట్టి స్ప్రింగులా సాగదీశాడు. కొసల్లో వార్నిష్‌ని బ్లేడుతో గీకాడు. గీకకుండా అతికిస్తే అతుకు నిగనిగలాడుతుంది గానీ దీపం వెలగదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు అది. మేస్త్రి ఆ తప్పు చేసి ఇరవై ఏళ్లయింది.

చేతులు ఇక్కడున్నాయి గానీ మనసు పొద్దుటి గొడవ దగ్గరే ఆగిపోయింది. పడగ్గది బల్బు మాడిపోయి మూడు నెలలైంది.

"ఊళ్లో బొమ్మ ఇళ్లన్నిటికీ దీపాలు పెడతారు. మనింట్లో మాత్రం నేను తడుముకోవాలి. దీపం కింద చీకటంటే ఇదే" అంది భార్య. ఏడింటి బస్సుకి అక్క దగ్గరికి పోతానని సంచి సర్దుకుంది.

"వెళ్లకే. తొమ్మిదికల్లా బల్బు తెచ్చి నేనే వేస్తా. అప్పటిదాకా ఆగు" అని బతిమాలి వచ్చాడు. ఆమె తలుపేసుకుంది.

బస్సెక్కిందా? ఆగిందా? ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె తన మాట విన్న పాపాన పోలేదు. ఇవాళ కూడా వినకుండా ఉంటే బాగుండు దేవుడా అనుకున్నాడు.

పదకొండింటికి పని అయింది. ఆఫీసరు స్విచ్చులన్నీ నొక్కాడు. పదహారు కిటికీలు వెలిగాయి. మూడొందల నాలుగు వెలగలేదు.

"ఇదేంటి?"

మేస్త్రి అతుకు చూశాడు. నిగనిగలాడుతోంది. తీగ కొస గీకలేదు.

"అది మా ఇల్లే సార్."

"తెలుసు. అందుకే అడుగుతున్నా. దీపం పెట్టాలా, వద్దా?"

"వద్దు సార్. ఆవిడ వాళ్లక్క ఇంటికి వెళ్లుంటుంది."

"వెళ్లుంటుందా, వెళ్లిందా?"

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. వదినగారు. భార్యకి అక్క.

"మరిదిగారూ, ఇది ఏడింటి బస్సెక్కలేదు. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. 'ఆయన బల్బు తెస్తానన్నారక్కా, ఈసారైనా తెస్తారేమో చూస్తా' అని ఒకటే నవ్వు. మీ కోసమే ఇంట్లో కూర్చుంది. తొందరగా వెళ్లండి పాపం."

మేస్త్రి ఫోను పెట్టేశాడు. చాలాసేపు బ్లేడు దొరకలేదు. అది చేతిలోనే ఉంది.

తీగ కొస గీకాడు. మళ్లీ అతికించాడు. మూడొందల నాలుగు వెలిగింది. మిగతా పదహారింటి కంటే అదే ఎక్కువ వెలుగుతున్నట్టు అనిపించింది ఆయనకి.

ఆఫీసరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, లిస్టులో టిక్కు పెట్టాడు.

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని బొమ్మని జీపెక్కించారు. ఏ ఇంటి మనిషి బయటికొస్తే ఆ ఇంటి దీపం ఆర్పుకుంటూ పోవాలి, పొద్దున ఏడున్నరకి కుప్పకూలిన ఆ అసలు భవనం దగ్గర.