వెంటనే అంటే

రెండో వరద వచ్చిన ఏడు. దర్జీ కొట్టులో నీళ్లు నడుం లోతు నిలిచాయి.

అతను కుట్టుమిషన్ను బల్ల మీదికి ఎక్కించి కాపాడుకున్నాడు. బల్ల కిందున్న రేకుపెట్టె సంగతి మరిచిపోయాడు.

పెట్టెలో నోట్లు తడిసి ముద్దయ్యాయి. భార్యాభర్తలు వాటిని ఒక్కొక్కటే విడదీసి, పాతగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టుకున్నారు. రెండు రోజులు పట్టింది.

అవి ఆమె గుండె ఆపరేషన్ కోసం దాచినవి. ఈసారి నొప్పి వస్తే ఆలస్యం చెయ్యొద్దనీ, సగం డబ్బు ముందు కడితేగాని లోపలికి తీసుకోరనీ డాక్టరు చెప్పేశాడు. అది ఎప్పుడొస్తుందో ఆయనా చెప్పలేడు.

"ఇంకోసారి వీటిని ఇస్త్రీ చేసే ఓపిక నాకు లేదు. బ్యాంకులో వేసి రండి," అంది ఆమె.

వెళ్లాడు. మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి వెళ్లాడు.

కిటికీ దగ్గర అమ్మాయి కాగితం తిప్పి చూపించింది. ఏడాదిపాటు ముట్టుకోకూడని ఖాతా ఒకటి. అది తనకు పనికిరాదు. కావాలన్నప్పుడు తీసుకునేవి రెండు. ఒకదానికి వడ్డీ ఎక్కువ, ఒకదానికి తక్కువ.

ఎక్కువ వడ్డీ ఖాతాకి గోడ మీద పెద్ద బోర్డే ఉంది. 'అడిగిన వెంటనే మీ డబ్బు మీ చేతిలో.'

ఇందులో ఆలోచించడానికేముంది అనుకుని సంతకం పెట్టబోయాడు.

"వెంటనే అంటే ఎంతసేపటికి, తమ్ముడూ?"

వెనక బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

దర్జీ ముందు చొక్కాని చూశాడు. మనిషిని తర్వాత చూశాడు. ఎవరినైనా అంతే చూస్తాడు. ఖరీదైన గుడ్డ, మంచి చేతి కుట్టు. కాని భుజాలు జారిపోయి, చేతులు వేళ్ల దాకా వచ్చాయి. ఈ ఒంటికి కొలిచి కుట్టింది కాదు, ఎవరో తొడిగి విడిచిందే అని తేల్చేసుకున్నాడు. ఏ కమిషన్ కోసమో బ్యాంకు పట్టుకుని వేలాడే రకం.

"వెంటనే అంటే వెంటనే, పెద్దాయనా. అందులో అర్థం కాకపోవడానికేముంది?"

ముసలాయన అతని మెడలో టేపు వైపు చూశాడు.

"నీ కొట్టులో రేపిస్తానంటే రేపేనా?"

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. అందులో ఇద్దరి గుడ్డలు దర్జీ దగ్గరే ఉన్నాయి.

అతనికి ఒళ్లు మండింది. మీ పని మీరు చూసుకోమన్నాడు.

"నాకిదే పని. ఒక్కసారి అడుగు. అడిగితే పోయేదేముంది?"

"సార్, మళ్లీ మొదలుపెట్టారా," అంది అమ్మాయి నీరసంగా.

ఇక తప్పక అడిగాడు. ఆమె కాగితం వెనక చిన్న అక్షరాలు వెతికి చెప్పింది. ఇవాళ రాసిస్తే, మధ్యలో సెలవు రాకపోతే, ఎల్లుండి ఇస్తారట. తక్కువ వడ్డీ దానికైతే ఇదే కిటికీలో అప్పటికప్పుడు ఇస్తారట.

దర్జీ తక్కువ వడ్డీదే రాయించుకున్నాడు. ముసలాయనతో ఒక్క మాట అనలేదు. నలుగురిలో పరువు తీశాడన్న మంట చల్లారలేదు. చేజారిన వడ్డీకి కూడా దారి పొడవునా ఆ ముసలాయన్నే తిట్టుకున్నాడు.

తర్వాత రెండుసార్లు కొట్టు ముందు నుంచి పోతూ ఆయన చెయ్యెత్తాడు. దర్జీ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచేసుకున్నాడు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం భార్య పొయ్యి మీంచి గిన్నె దించబోయి, గోడకి ఆనుకుని అలాగే జారిపోయింది. పక్కింటావిడ ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది. దర్జీ బ్యాంకుకి పరిగెత్తాడు.

మర్నాటి నుంచి వరసగా మూడు రోజులు సెలవులు. కిటికీ మూయడానికి పావుగంట ఉంది. అమ్మాయి డబ్బు చేతిలో పెట్టింది. బెంచీ మీద ఎవరున్నారో అతను చూడలేదు.

రాత్రికల్లా ఆపరేషన్ అయిపోయింది. ఇంకొక్క రోజు ఆగి ఉంటే, అని డాక్టరు ఆ మాట సగంలో ఆపేశాడు.

పన్నెండో రోజున ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. దిండు ఎత్తు సరిచేస్తుంటే ఆమె అడిగింది, ఆ ఖాతాయే తీసుకోమని ఎవరు చెప్పారని.

చెప్పాడు. చొక్కా సంగతి మాత్రం చెప్పలేదు.

"నేను బతికానని ఆయనకి చెప్పారా మరి?"



మర్నాడు పొద్దున బ్యాంకు తలుపు తీయకముందే వెళ్లి నిలబడ్డాడు. తీశారు. బెంచీ ఖాళీగా ఉంది. ఎండ ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చేదాకా కూర్చున్నాడు. ఆఖరికి లేచి అమ్మాయిని అడిగాడు.

"ఆయన పోయారు అంకుల్. పోయిన వారం. ఏడాదిగా చిక్కి సగమైపోయారు."

దర్జీ కిటికీ చెక్క పట్టుకున్నాడు. కమిషన్ కాకపోతే ఆయనకి ఇక్కడ ఏం పనమ్మా, అన్నాడు.

అమ్మాయి రాస్తున్న కలం పక్కన పెట్టింది. మొదటి వరదప్పుడు ఒకతను, భార్య ఆసుపత్రిలో ఉందని, తన డబ్బు తనకిమ్మని వచ్చాడట. ఎక్కువ వడ్డీ ఖాతా. రూలు ప్రకారం ఎల్లుండి రమ్మని పంపేశారట. అతను సరిగ్గా ఎల్లుండే వచ్చాడట, ఆమె దినాల ఖర్చుకని ఖాతా మూసేసుకోవడానికి.

"అతన్ని అలా పంపేసిన మేనేజరు ఆయనే అంకుల్."