నీలం డబ్బా, ఎర్ర డబ్బా

“దీంట్లో రెండువందల యాభయ్యారు ఎంబీలు, దాంట్లో నూట ఇరవయ్యెనిమిది. అయినా చిన్నదే మేలంటాండావు. అదెట్లప్పా?”

పెద్దాయన ఈ మాట అడగడం మూడోసారి. కౌంటరు మీదున్న గ్రాఫిక్స్ కార్డుల డబ్బాలు రెండింటినీ, నీలందాన్నీ ఎర్రదాన్నీ, శివశంకర్ మళ్లీ పక్కపక్కన పెట్టాడు. పదిన్నరకు మొదలైన విచారణ ఇది, ఇప్పుడు పన్నెండు దాటింది. కడప ఎండకు నెత్తిమీద ఫ్యాను కూడా వేడిగాలే విసురుతోంది. ఇంకో రోజైతే నీకు నచ్చింది తీసుకో పెద్దాయనా అని చేతులు దులుపుకునేవాడే. ఈరోజు అలా కుదరదు.

పొద్దున అంగడి తెరవగానే సంబంధాలు చూసే సుబ్బయ్య ఫోన్ చేశాడు. సుచరిత వాళ్లింట్లో పెద్దవాళ్లొకరు ఈరోజు ప్రొద్దుటూరు నుంచి వస్తారని, తామెవరో చెప్పకుండా చూసి పోతారని, ఏమీ తెలియనట్టే ఉండమని హెచ్చరించి పెట్టేశాడు. పిల్లనిచ్చే ముందు పిల్లవాడు అంగట్లో ఎట్లా ఉంటాడో చాటుగా చూడటం వ్యాపారుల ఇళ్లలో కొత్తేం కాదు.

శివశంకర్‌కు ముప్పైమూడేళ్లు. మూడేళ్లలో ఆరు సంబంధాలు వచ్చి పోయాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎవరింట్లోనో కాఫీ గ్లాసు పట్టుకుని తల దించుకు కూర్చోవడమంటేనే అతనికి విసుగెత్తిపోయింది. ఈ ఒక్క పిల్ల వేరు. పోయిన నెల చూపుల్లో సుచరిత అతని సంపాదన అడగలేదు, చదువు అడగలేదు. అంగట్లో ఒక్కరే ఉంటే మధ్యాహ్నం అన్నం ఎప్పుడు తింటారని అడిగింది. అంతవరకూ ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. ఆ పిల్ల అతనికి బాగా నచ్చింది. ఇది తప్పిపోతే ఇక చూపులకు కూర్చునేది లేదని అమ్మకు తేల్చి చెప్పేశాడు కూడా.

అందుకే ఈ పెద్దాయన, పేరు తిరుమలయ్య అనీ, ప్రొద్దుటూరు బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చాననీ అనగానే, చూడవచ్చింది ఈయనేనని శివశంకర్ అనుకున్నాడు. మనవడు కంప్యూటరుకు కార్డు కావాలని ప్రాణం తీస్తున్నాడట. మనవడి కథ బాగానే అల్లుకొచ్చాడని శివశంకర్ లోపల నవ్వుకున్నాడు.

“నీలందానికి గోదాము పెద్దది పెద్దాయనా, వాకిలి మాత్రం ఇరుకు. మూటలు ఒగటొగటే బయటికి రావల్ల. ఎర్రదానికి గోదాము చిన్నదే గానీ వాకిలి రెండింతలు. బొమ్మ బిరీన తెర మీదికొస్తాది.”

నోటితో చెప్తే ఎట్లా నమ్మేదని తిరుమలయ్య అన్నాడు. నిజమే మరి. శివశంకర్ ఒక పెంటియం ఫోర్ కంప్యూటరు మూత విప్పి, ముందు నీలం కార్డు పెట్టి కార్ల పందెం ఆట నడిపించాడు. సెకనుకు పంతొమ్మిది బొమ్మలు. కారు కుంటుకుంటూ పోయింది. దాన్ని తీసి ఎర్రది పెడితే ముప్పయ్యెనిమిది. తిరుమలయ్య ఆ రెండంకెలూ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత ఏది ఎక్కువ కరెంటు తాగుతుంది, ఏ ఫ్యానుకు దుమ్ము పడుతుంది, నాలుగేళ్ల నాటి కంప్యూటరు దీన్ని మోస్తుందా అని ఒక్కొక్కటే అడిగాడు. శివశంకర్‌కు గొంతు ఎండిపోయింది. అయినా ప్రతిదానికీ మొదటిసారి చెప్తున్నట్టే చెప్పాడు.

మధ్యలో డీటీపీ సెంటరు హర్షిణి ప్రింటరు ఇంకు కోసం వచ్చింది. సాయంత్రం రమ్మన్నాడు. కాలేజీ పిల్లలిద్దరు మౌస్ అడిగితే రేపు రమ్మన్నాడు. ఇంటర్నెట్ సెంటరు శివప్రసాద్ నాలుగు కీబోర్డులకు వచ్చాడు, నెలనెలా వచ్చే మనిషి. అతన్నీ గడపలోనే ఆపి తిప్పి పంపాడు.

“వాళ్లకిచ్చి పంపప్పా, నేను కూచుంటా,” అన్నాడు తిరుమలయ్య, పాపం.

“మీరు ముందొచ్చినారు పెద్దాయనా.”

ఒకరి కోసం మూడు బేరాలు వదులుకునే మనిషిని ఈ రోజుల్లో ఎక్కడ చూస్తారు? చూడనీ, ఇంటికి పోయి చెప్పుకోనీ అనుకున్నాడు శివశంకర్.

ఒంటిగంటకు తిరుమలయ్య పుస్తకం జేబులో పెట్టుకుని లేచాడు. పెండ్లయిందా అని అడిగాడు. లేదనగానే అతని భుజం తట్టాడు.

“నీకు శానా ఓపికుండాది. తొందర్లోనే అయితాదిలే.”

ఇంకో రెండంగళ్లలో కూడా అడిగి వస్తానని చెప్పి, ఏమీ కొనకుండానే వెళ్లిపోయాడు. శివశంకర్‌కు కోపం రాలేదు సరికదా, ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. కొనడానికి వచ్చినవాడైతే కదా కొనేది. మూడింటికి చల్లారిన అన్నం తింటూ, ఇంక ఈ వేళకు తినే బాధ ఎన్నాళ్లో ఉండదనుకున్నాడు. ఒళ్లంతా అలసిపోయినా మనసు తేలిగ్గా ఉంది.

అయిదింటికి సుబ్బయ్య ఫోన్ చేయకుండా తానే వచ్చాడు. వచ్చి, కూర్చోమనకముందే కుర్చీలో కూర్చున్నాడు. వాళ్లు చూసి పోయినారన్నాడు.

“తెలుసు. పెద్దాయన ఒంటిగంట దాకా ఈడనే ఉన్నాడు కదా.”

“ఏ పెద్దాయనప్పా? వచ్చింది ఆ పిల్ల వాళ్ల జేజి.”

పొద్దున సుబ్బయ్య ‘వస్తారు’ అన్నది మర్యాదకు. ఆ మర్యాద నాయనమ్మకూ చెల్లుతుందని శివశంకర్‌కు తట్టనే లేదు. జేజి ఈ అంగడి మెట్టు కూడా ఎక్కలేదట. పొద్దుట్నుంచి ఎదురుగా గాజుల అంగట్లో కూర్చుని చూసిందట. వచ్చినవాళ్లు వచ్చినట్టే అయిదుమందీ ఉత్తచేతులతో పోవడం ఆమె కళ్లారా చూసిందట.

“ఏమనింది?” అన్నాడు శివశంకర్.

సుబ్బయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“అంగట్లో సరుకే లేదనిందప్పా.”