సపోటాలు తినే జంతువు

“సందెవేళ మా పెరట్లో సపోటాలు తినిపోయే జంతువేదో చూడాలండీ,” అంది ఆవిడ బైనాక్యులర్ల కొట్లోకి వస్తూనే. “మా ఆయన పునుగుపిల్లంటారు.”

కొట్టాయన బల్లమీద రెండు పెట్టాడు. “మసకవెలుతురులో అయితే ఈ పెద్ద అద్దాలదే మేలమ్మా. మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు.”

వెనకే వచ్చిన మొగుడు మీసం తడుముకుని, చప్పున చిన్నది అందుకున్నాడు. “ఇది చాల్లే. తేలిగ్గా ఉంది.”

“పొద్దుగూకితే దాంట్లో ఏమీ కనపడదు సార్.”

“కనపడకపోతే ఏం? నోరులేని జీవం. తిననిద్దూ.”

“నోరు లేకుండానే బుట్టెడు తింది. గింజలేమో పక్కింటి గోడవతల విసిరేస్తోంది.”

“తెలివైన జాతిలే.”

ఆవిడ పెద్దది కొట్టాయన చేతికిచ్చింది. “దీనికే బిల్లు వెయ్యండి. ఆ జంతువుకి షుగరుంది.”