ముప్ఫై ఒకటో నంబరు శాంపిల్

“దొరికిందా అమ్మాయ్?”

“ఆరేళ్ళ కిందటి ఫైలు బాబాయ్, అడగ్గానే ఒళ్ళోకి దూకుతుందా?” అంది రికార్డు రూము గుమస్తా, అరలన్నీ తిరగేస్తూ.

ఆస్పత్రిలో అందరికీ అతను ల్యాబు బాబాయే. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ రక్తం పరీక్షిస్తున్నాడు. ఇవాళ పొద్దున లివర్ డాక్టరు అతని స్కానింగు చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“హెపటైటిస్ సి. ఏళ్ళ తరబడి ఉంది. లివర్ నిండా గడ్డలే. ఐదారేళ్ళ ముందు తెలిసుంటే మూడు నెలల మాత్రలతో పోయేది.”

“ఇప్పుడో?”

డాక్టరు పెన్ను మూత పెట్టేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆరేళ్ళ కిందట ఇక్కడే చేయించుకున్న హెర్నియా ఆపరేషను. కత్తి పెట్టే ముందు ఈ పరీక్ష అందరికీ చేస్తారు. సెలవు దండగని ముందురోజు సాయంత్రం దాకా డ్యూటీ చేస్తూనే తనూ రక్తం ఇచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి బాగానే ఉందనుకున్నాడు.

“తెలిసీ నాకు చెప్పలేదంటే వాడెవడో నాకు తెలియాలి. ఊరికే వదలను,” అన్నాడు గుమస్తాతో.

“మీ ల్యాబులో తేలితే రోగికి చెప్పరా బాబాయ్?”

“మాకు పేర్లెక్కడివమ్మా? సీసా మీద నంబరే ఉంటుంది. చీటీ రాసి ఆపరేషన్ థియేటరుకి పంపుతాం. అక్కడితో మా పనైపోయింది.”

“మరి వాళ్ళు చెప్తారా?”

“రెండు జతల గ్లౌజులు వేసుకుంటారు. ఆ రోగిని అందరికన్నా చివర తీసుకుంటారు. చెప్పడమంటావా, డాక్టరు చెప్తాడని నర్సు, నర్సు చెప్తుందని డాక్టరు...”

అంటూనే ఆగిపోయాడు. ఆ రోజు తనని మూడింటి దాకా కడుపు మాడ్చి, చివర్లో తీసుకెళ్ళారు. సొంత స్టాఫుకి ఇదా మర్యాద అని ఇంట్లో వారం రోజులు సణిగాడు. భార్య పడీపడీ నవ్వింది. ఆమెకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆమె రక్తమూ ఓసారి చూడాలి.

“ఇదుగో బాబాయ్, మీదే!”

ఫైల్లో అన్నిటికన్నా అడుగున చిన్న చీటీ. ముప్ఫై ఒకటో నంబరు శాంపిల్. కింద ఎర్ర సిరాతో, పాజిటివ్.

“ఎవరు బాబాయ్ ఆ మహానుభావుడు?”

అతను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

చేతిరాత అతనిదే.