బెదురు

గ్రేస్ పాలక్యాను వంటగదిలో పెట్టి ముందుగదిలోకి వచ్చేసరికి కిటికీ కింద కుట్టుమిషను లేదు. దాని చోట గాజుతొట్టె ఉంది. అందులో ఒకే ఒక బంగారు చేప. తోక మీద నల్లమచ్చ.

"మిషనేదండీ?"

"అమ్మేశాను," అన్నాడు దానయ్య. "అభన్‌పూర్ దర్జీకి. రాత్రంతా గూడ్సుబండిలో ఊగి వస్తాను. పగలు కునుకు తీద్దామంటే నీ టకటక. ఇదిగో, దీన్ని చూడు. నోరెత్తదు. చూసి నేర్చుకో."

ఆ చేతిమిషను గ్రేస్ తల్లి ఇచ్చింది. కాలనీ ఆడవాళ్ల జాకెట్లన్నీ గ్రేస్ దాని మీదే కుట్టేది. ఆమె ఏడవలేదు. తొట్టె ముందు నిలబడి చేపను చూసింది.

"నేర్చుకుంటాను," అంది.

మర్నాడు పాలకి వెళ్లి ఆలస్యంగా వచ్చింది.

దానయ్య గూడ్సు గార్డు. ఇంట్లో ఉన్నంతసేపూ అతని గొంతు రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్ల చివరిదాకా వినపడేది. తలుపు కాలితో తన్నేవాడు. డ్యూటీ లేని రోజు సూరిబాబుని పిలిచి పేకాట పెట్టేవాడు. గదినిండా సిగరెట్టు పొగ. మధ్యలో "చాయ్!" అని కేక. చేపతో మాత్రం గొంతు తగ్గించేవాడు. "రాణీ, తిన్నావామ్మా?"

పెళ్లయిన నాటి నుంచి గ్రేస్‌ని ఆ మాట అడగలేదు.

ఓసారి బిలాస్‌పూర్ వెళ్లి వచ్చేసరికి తొట్టెలో చేప వెల్లకిలా తేలుతోంది. వంటగది గట్టు మీద పాలక్యాను కడిగి బోర్లించి ఉంది.

"ఏం చేశావే దాన్ని?"

"ప్రభువు సాక్షి. నేను చంపలేదు."

బైబిలు తెచ్చి చెయ్యి పెట్టమన్నాడు. పెట్టింది. మళ్లీ అదే మాట అంది.

చేపను అరచేతిలోకి తీసుకున్నాడు. "తోక మీద మచ్చేదీ?"

"ప్రాణం పోయాక రంగుంటుందాండీ?"

పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాడు. కళ్లు తుడుచుకున్నాడు. గ్రేస్ తండ్రి పోయినప్పుడు డ్యూటీ ఉందని వెళ్లిపోయినవాడు.

రాణిని కొన్న చేపల దుకాణం దేవేంద్ర నగర్ మలుపులో, పాలబూత్ పక్కనే. నడిపేది మేరీ. తొట్టెల మధ్య మిషను వేసుకుని, బేరాలు లేనప్పుడు దిండు గలీబులు కుడుతుంది. దానయ్య వెళ్లేసరికి కలకత్తా పార్శిల్ విప్పుతోంది. దారిలో చచ్చిన బంగారు చేపల్ని గిన్నెలోకి ఏరుతోంది.

"రోగం కాదు అన్నయ్యగారూ, బెదురు," అంది. "ఇంట్లో అరుస్తారా?"

"కొంచెం."

"తలుపులు బాదడాలు? సిగరెట్లు?"

దానయ్య జేబులోని సిగరెట్టు పెట్టెను లోపలికి తోశాడు.

"చేపకి చెవులుండవనుకుంటారు. దానికి ఒళ్లంతా చెవే. పొగ నీళ్లలోకి దిగుతుంది. గోల చేస్తే మూలకి నక్కుతుంది. తిండి మానేస్తుంది. ఆనక పోతుంది."

ఇంకో చేపను సంచిలో నీళ్లు పోసి ఇచ్చింది. అచ్చం మొదటిదే. తోక మీద మచ్చతో సహా.

"ఒక తల్లి పిల్లలు," అంది.

ఆ రోజు నుంచి దానయ్య బూట్లు గుమ్మం బయటే విప్పాడు. సిగరెట్టు రోడ్డు మీదే కాల్చాడు. సూరిబాబు పేకముక్కలతో వస్తే గడప దాటనివ్వలేదు.

"చుప్! లోపల పడుకుంది."

"ఎవరు, భాభీయా?"

"చేపరా."

సూరిబాబు మళ్లీ రాలేదు.

గ్రేస్ పులుసులో ఉప్పు వేయడం మానేసింది. మొదటి ముద్దకే దానయ్య నోరు తెరిచాడు. ఆమె తొట్టె వైపు కళ్లు తిప్పింది. అతను నోరు మూసుకుని తిన్నాడు. మర్నాడూ ఉప్పు వేయలేదు.

కిటికీ కింద చోటు మాత్రం ఇంకా చేపదే.

మళ్లీ డ్యూటీకి వెళ్లి వచ్చేసరికి అదీ తేలింది. అదీ జామచెట్టు కిందికే పోయింది.

"తప్పు నాదే అన్నయ్యగారూ," అంది మేరీ. "ఇవి నా మిషను పక్కన పెరిగాయి. ఆ చప్పుడు లేకపోతే బెంగ పెట్టుకుంటాయి. మీ ఇంట్లో మిషనుందా?"

దానయ్య నేల చూశాడు. ఇంకో మచ్చతోకను సంచిలో పట్టుకుని ఇంటికి వచ్చాడు.

ఆ మధ్యాహ్నమే ధమ్‌తరి వెళ్లే చిన్న రైలెక్కి అభన్‌పూర్‌లో దిగాడు. దర్జీ ఇవ్వనన్నాడు. బతిమాలాడు. అడిగినంతా పోశాడు. మిషను నెత్తిన పెట్టుకుని స్టేషన్ నుంచి కాలనీ మీదుగా నడిచి వచ్చాడు. గుమ్మాల్లో ఆడవాళ్లు నిలబడి చూశారు.

తొట్టె పక్కన దింపి, "కుట్టవే," అన్నాడు.

"నడుం నొప్పండీ."

"గ్రేసూ, నీ కాళ్లు పట్టుకుంటాను."

"పట్టుకోండి."

దానయ్య తొట్టె వైపు చూశాడు. వంగాడు.

ఇప్పుడు పగలంతా మిషను ఆడుతోంది. దానయ్య చెవుల మీద దిండు పెట్టుకుని పడుకుంటాడు. చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేస్తాడు. "ఆపకే, బెంగ పెట్టుకుంటుంది."

ఓ ఆదివారం పెరట్లో జామచెట్టు కింద తల వంచుకుని నిలబడ్డాడు. లోపలికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఆ రెండూ నా నోటికే పోయాయి గ్రేసూ."

గ్రేస్ చక్రం తిప్పుతూనే తల ఎత్తింది. తన పాలక్యానులో రెండుసార్లు మేరీ దుకాణానికి వెళ్లి, రెండుసార్లూ దానయ్య చేతి సంచిలోనే ఇంటికి తిరిగొచ్చిన ఆ ఒక్క చేప, తోక మీది నల్లమచ్చ ఆడిస్తూ ఆమె వైపు ఈదుకొచ్చింది.