మిషను బాగయ్యేదాకా

“బెల్లయినా కొట్టకుండా వచ్చి మీద పడితే ఎలాగండీ?” అంది దర్జీ ఆవిడ.

మలుపులో రెండు సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆవిడ క్యారియర్ మీద తాడుతో కట్టి తెస్తున్న కుట్టుమిషను రోడ్డు మీద బోర్లాపడింది. ఆవిడ దాన్ని పక్కకు తిప్పి చూసింది. చేతిచక్రం పగిలింది, సూది పట్టే కడ్డీ వంగింది. తన మోచెయ్యి గీరుకుపోయిన సంగతి ఇంకా చూసుకోలేదు. భర్త పోయాక ఆ మిషనే ఆవిడకు కూడూ గుడ్డా.

రెండో సైకిలు డ్రాయింగు మాస్టారిది. ఈమధ్యే బడి నుంచి రిటైరయ్యాడు. ప్యాంటు దులుపుకుంటూ ఆవిడ ముఖం వంకా, మిషను వంకా చూశాడు.

పంచర్ షాపతను పరుగున వచ్చి సైకిళ్ళు విడదీశాడు. “ఎవరి తప్పని తేలుస్తాం అక్కా? నష్టం చెరిసగం వేసుకోండి.” అంతలో అతనికి అనుమానం వచ్చింది. “అయినా మాస్టారూ, వంకరపోయింది మీ వెనక చక్రం కదా?”

“అది ఎప్పటిదోలే” అన్నాడు మాస్టారు. “తప్పు నాదే. మిషను బాగుచేసి ఇచ్చే పూచీ కూడా నాదే.”

దర్జీ ఆవిడ తల వంచుకుని తాడు చుట్టుకుంది.

మర్నాటి సాయంత్రం మాస్టారు స్క్రూడ్రైవరు పట్టుకుని ఆవిడ కుట్టుగదికి వచ్చాడు. ఆ పాతరకం మిషనుకు విడిభాగాలు కొట్లలో దొరకడం లేదు. పాత ఇనుప సామాను అమ్మేచోటల్లా గాలించి ఒక్కొక్కటే తెచ్చేవాడు. మిషన్ల సంగతి అతనికి ఓనమాలు కూడా తెలియవు. ఏ భాగం విప్పినా ముందు దాని బొమ్మ గీసుకునేవాడు.

“బొమ్మలు బాగానే ఉన్నాయి. కుట్టేదెప్పుడు?” అనేది ఆవిడ.

“ఈ స్క్రూ ఒకటి మిగిలిపోయిందండీ.”

“అయితే మళ్ళీ విప్పండి.”

ఆవిడ ఎదురుగా కూర్చుని చేత్తోనే అంచులు కుట్టుకునేది. పగలంతా ఆ గదిలోకి మనుషులు వస్తూనే ఉంటారు. నడుము వదులు చెయ్యమనో, చేతులు పొట్టి చెయ్యమనో చెప్పి వెళ్ళిపోతారు. ఎలా ఉన్నావని అడిగే నాథుడు లేడు.

“మీకోసం ఇంట్లో ఎదురుచూడరా?” టీ గ్లాసు అందిస్తూ ఓరోజు అడిగింది.

“రేడియో ఉందండీ. వార్తలు చదివే ఆవిడ నమస్కారం అంటే నేనూ నమస్కారం పెడుతుంటాను.”

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. బట్టలు తొడిగి చూసే చెక్కబొమ్మతో తను కబుర్లు చెబుతుంటానని మాత్రం చెప్పలేదు.

నెల తిరిగేసరికి మిషను కదిలింది. కుట్టు తప్పుతోందంది ఆవిడ. సరిచేశాడు. దారం తెగుతోందంది. అదీ చూశాడు. ఏదో చప్పుడు వస్తోందంది. మాస్టారు మళ్ళీ అంతా విప్పి, నూనె వేసి బిగించాడు.

ఒక సాయంత్రం పీలికగుడ్డ మీద ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టి చూపించాడు. ఆవిడ ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పింది. దీపం దగ్గర పెట్టి చూసింది.

“ఇంక వంక పెట్టడానికేం లేదనుకుంటా” అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

“లేదు.”

“అయితే నా పూచీ తీరినట్టే. సెలవు మరి.”

గడప దాటి చెప్పులు వేసుకున్నాడు. సైకిలు స్టాండు తియ్యకుండా, దుమ్ము లేని సీటును తుడుస్తూ నిలబడ్డాడు. ఆవిడ వచ్చి తలుపు రెక్క పట్టుకుంది.

“రేపు కూడా రండి మాస్టారూ.”

“ఎందుకండీ? మిషను బాగైందిగా?”

“ఆ రోజు మీ సైకిలు ఆగే ఉందని, వచ్చి గుద్దింది నేనేనని నాకు మొదట్నుంచీ తెలుసు.”